తుపాకవ్వ రివాల్వర్

తుపాకవ్వ పోయిందని మల్లమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మొయినాబాద్‌ల రోడ్డు పక్కన కూసోని బెండకాయలు ఏరుకుంటున్న. మల్లమ్మ ఆమె గులాబీ తోటల పనిచేసే మనిషి. "పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల ఒరిగింది మేడం, మళ్ల లేవలే," అన్నది.

నాకు ముందు ఏడుపు రాలే. భయమొచ్చింది.

"పోయేటప్పుడు ఏమన్న చెప్పిందా?" అని అడిగిన.

"ఏం చెప్తది? చాయ్‌ల చక్కెర తక్కువైందన్నది."

గుండెల మీద చెయ్యేసుకోని ఊపిరి వదిలిన. వదిలినందుకు మళ్ల నాకే సిగ్గనిపించింది. ఒక మనిషి పోయిందని చెప్తే ముందుగాల అడగవలసిన మాట అదా? కాని ఆమెకూ నాకూ నడుమ ఒక సంగతి ఉండె. మూడో మనిషికి తెల్వదు. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.

నేను ఇరవై రెండేండ్లు పోలీసు ఉద్యోగం చేసిన. నడుము నొప్పి పడలేక పోయినేడు మానేసిన. స్టేషన్‌ల నాది ఎక్కువ రాతపనే. లైసెన్సు తుపాకుల రిజిస్టర్ నా దగ్గర ఉండేది. ఎన్నికలు వచ్చినయంటే తుపాకులున్నోళ్లంత తెచ్చి స్టేషన్‌ల అప్పజెప్పాలె, ఫలితాలు వచ్చినంక రసీదు చూపించి తీస్కపోవాలె. మా దిక్కు భూములున్నోళ్లకు, రాజకీయాలల్ల తిరిగేటోళ్లకు తుపాకులు బాగనే ఉన్నయి. వచ్చి బల్ల మీద పెట్టి, సంతకం గీకి, ఫోన్ మాట్లాడుకుంట వెళ్లిపోయేటోళ్లు. అంతమంది మొగోళ్ల నడుమ ఆమె ఒక్కతే ఆడమనిషి.

అరవై దాటిన మనిషి. సన్నగ, పొడుగ్గ ఉండేది. నేత చీర కట్టుకోని, టిఫిన్ డబ్బా సంచి చేతుల పట్టుకోని వచ్చేది. ఆ సంచిల టిఫిన్ ఉండకపోయేది. పోయిన భర్త ధోవతి ముక్కల చుట్టిన రివాల్వర్ ఉండేది. ఆ ముడి విప్పేదానికే ఐదు నిమిషాలు పట్టేది. విప్పి, రివాల్వర్ మూతి గోడ దిక్కు తిప్పి పెట్టేది. పక్కన తూటాలు ఒక్కొక్కటి నిలబెట్టి వరుసగ పేర్చేది.

"నంబర్ రాసినవా బిడ్డా?"

"రాసిన అమ్మా."

"చదువు."

నేను చదివేదాన్ని. ఆమె రివాల్వర్ మీద వేలు పెట్టుకోని ఒక్కొక్క అంకె చూసుకునేది. "ఇంకొకసారి చదువు," అనేది. వెనక లైన్‌ల నిలబడ్డోళ్లు గులుగుతుంటే కూడ రెండోసారి చదివిచ్చుకునేది. అంత అయినంక ముందుకు వంగి, గొంతు తగ్గించి, ప్రతిసారి అదే మాట అడిగేది.

"ఎక్కడ పెడతవు?"

"లోపల ఇనుప బీరువాల అమ్మా."

"మా వాళ్ల తుపాకి పక్కన పెట్టకు."

మా వాళ్లంటే ఆమె మరిది కొడుకులు. ఇద్దరు రెండు పార్టీలల్ల ఉండేటోళ్లు. ఊర్ల జెండాలు వేరువేరుగ పట్టుకున్నా, పెద్దమ్మ గులాబీ తోట విషయంల మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఆరెకరాల తోట అది. చుట్టూ నాలుగు దిక్కుల ఫామ్‌హౌస్‌ల గోడలు లేచినయి. నడుమ ఈ తోట ఒక్కటి అట్లనే మిగిలింది. ఆమెకు పిల్లలు లేరు. భర్త ఒకప్పుడు సర్పంచ్, గుండె నొప్పితోని పోయిండు. భూమి తాత సంపాదించిందని, అందుల మాకు వాటా ఉన్నదని మరిది కొడుకులు కోర్టుకు పోయిండ్రు. కోర్టుల నడిచేది కోర్టుల నడుస్తనే ఉన్నది. తోట కాడ నడిచేది వేరే.

తుపాకవ్వ అని పేరు పెట్టింది మా స్టేషనోళ్లే. ఒకరోజు ఆమె ముందటనే ఎవరో నోరు జారి అన్నరు. నా చేతుల కలం ఆగిపోయింది. ఆమె నవ్వింది. "పిలువుండ్రి. ఊర్ల కూడ అట్లనే పిలువుండ్రి. నలుగురికి తెలిస్తె మంచిదే నాకు," అన్నది.

రివాల్వర్ మా దగ్గరున్న రోజులల్ల ఆమె ఫోన్ ఆగకపోయేది. పొద్దుగాల తొమ్మిదిన్నరకు, నేను కుర్చీల కూసోంగనే మోగేది.

"ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"చూసి చెప్తున్నవా, చూడకనే చెప్తున్నవా?"

మొదట్ల చూడకనే చెప్పేదాన్ని. తర్వాత నాకే మనసు ఒప్పకపోయేది. ఫోన్ పక్కన పెట్టి, తాళం తీసి, ధోవతి ముక్క పైనించి తడిమి వచ్చి, "చూసిన అమ్మా, ఉన్నది," అని చెప్పేదాన్ని. ఆ తర్వాత ఆమె తోట సంగతులు చెప్పేది. తోటల చిల్కూరు దిక్కున్న నీళ్ల పైపులు కోసిండ్రంట. ఇంటి కుక్క రాత్రి అన్నం తినలేదు. తెల్ల కారు ఒకటి గేటు ముందట రెండుసార్లు తిరిగి పోయింది. నేను ఊ కొట్టేదాన్ని. ఆ మాటలు విని విని, తెల్ల కారు కనబడితే నా గుండె కూడ దడదడ కొట్టుకునేది. మా దిక్కు తెల్ల కార్లు ఎన్ని తిరుగుతయో లెక్క లేదు.

ఆమె ఎడమ చేతితోని ఎప్పుడూ కుడి బొటనవేలు మొదట్ల ఒత్తుకుంట ఉండేది. అదే ఆమె అలవాటు. మాట్లాడినా, విన్నా, చాయ్ తాగినా ఆ వేలు ఒత్తుకుంటనే ఉండేది. కీళ్ల నొప్పులు. గులాబీలు తెంపి తెంపి వచ్చినయని అనేది. మా అమ్మ కూడ ఆ తోటల కూలికి పోయి పూలు తెంపింది. మా అమ్మ వేళ్లు కూడ అట్లనే ఉండేటివి. ఆ ఇంట్ల మా అమ్మ ఏనాడు వరండా ఎక్కలే. ఈమె నన్ను మాత్రం కుర్చీ వేసి ఎదురుంగ కూసోబెట్టేది. అది నాకు నచ్చిందో, యూనిఫామ్‌కు ఇచ్చిన మర్యాదని ముల్లులెక్క గుచ్చుకున్నదో ఇప్పటికీ చెప్పలేను.

ఒక ఎన్నికల తర్వాత రివాల్వర్ తీస్కపోవడానికి వచ్చింది. అదే టైముకు ఆమె మరిది కొడుకులల్ల పెద్దోనిది కూడ బల్ల మీద ఉండె. ఇప్పటి మోడల్. నల్లటి రబ్బరు పిడి, గురి చూసేదానికి గొట్టం కొసకు తెల్ల చుక్క. దాని పక్కన ఆమెది చూస్తె పాత సైకిల్ లెక్క ఉన్నది. మామగారు నైజాం జమానల కొన్నదంట. కట్టె పిడి పగిలితే రాగి తీగ చుట్టి పెట్టిండ్రు. ఆమె కొత్తదాని దిక్కు చానసేపు చూసింది.

"బిడ్డా, నీకొక మాట చెప్త. ఎవరికి చెప్పకు."

"చెప్పమ్మా."

"నాది నేను పేల్చలేను. ట్రిగ్గర్ నా వేలికి రాదు. రెండు చేతుల వేళ్లు పెట్టి గుంజినా సగం వచ్చి ఆగిపోతది. ఇన్నేండ్లు ఉత్త ఇనుపముక్క పట్టుకోని తిరుగుతున్న."

నాకు లోపల హాయిగ అనిపించింది. పేలకపోతే మంచిదే కద అనుకున్న. కాని ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"వాళ్లకు తెలిస్తె ఎట్ల?" అన్నది.

కొత్తది కొనుక్కోవచ్చు గద అని అడిగిన. కొత్తదానికి మళ్ల పర్మిషన్ పెట్టాలె, ఎంక్వైరీ వస్తది, ఆ కాగితం కదిలిందంటే మరిది కొడుకులకు తెలుస్తది, ఉన్న లైసెన్సు కూడ ఊడబీకిస్తరు, ఇదంత ఆమె ముందే ఆలోచించుకోని ఉన్నది. "ఇదే ఉండాలె. దీనికే ఇప్పటి సామాన్లు వేయించాలె. తప్పా?"

నేను పెద్ద సారును అడిగినట్టు కాకుండ అడిగి తెలుసుకున్న. నంబర్ ఉన్న బాడీ, గొట్టం ముట్టుకోవద్దు. పిడి లాంటివి మార్చుకుంటే తప్పు కాదు, కాని లైసెన్సున్న దుకాణంలనే, కాగితం మీద రాయించి చేయించాలె. అది ఆమెకు చెప్పిన. చెప్పి ఊకుంటె అయిపోయేది. ఆమె ఒక్కతే పోలేనంటే, సెలవు రోజు తోడు పోయిన.

మెహదీపట్నం బస్సు ఎక్కినం. లైసెన్సు పుస్తకం బ్లౌజుల పెట్టుకోని, సంచి ఒళ్ల పెట్టుకోని కిటికీ పక్కన కూసున్నది. ఎవరు పక్కన నిలబడ్డా సంచిని కడుపుకు అదుముకునేది. బ్రేకు పడ్డప్పుడల్ల నా చేయి పట్టుకునేది. నేను నా మెడల ఉన్న సిలువ పట్టుకునేదాన్ని. ఆ గంట ప్రయాణం నా ఉద్యోగంల చేసిన బందోబస్తులన్నిటికంటే పెద్దగ అనిపించింది.

పాత బస్తీ దిక్కు ఒక చిన్న దుకాణం. లోపల ముసలి ఉస్తాద్, ముక్కు మీద మందం అద్దాలు. రివాల్వర్ తీసి చూసి, తూటాల చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకోని విన్నడు. "మంచి మాల్ అమ్మా. ఇట్లాంటివి ఇప్పుడు రావు," అన్నడు.

ఆమె తన వేలు చూపించింది. ఏమేం కావాలో చెప్పింది. పిడి లావుగ, మెత్తగ ఉండాలె. చూపు సరిగ్గ ఆనదు కాబట్టి కొసకు తెల్ల చుక్క ఉండాలె. ట్రిగ్గర్ తేలికగ రావాలె.

"పిడి వేస్త, చుక్క వేస్త. అదేం పెద్ద పని కాదు," అన్నడు ఉస్తాద్. "స్ప్రింగు సంగతి జర సోచాయించుండ్రి. ఇప్పటి మోడల్ స్ప్రింగు మెత్తగ ఉంటది. మీ వేలికి మంచిగనే వస్తది. కాని ఇది పాతది అమ్మా, గట్టి దెబ్బకు అలవాటైంది. వేలికి తేలికైతె లోపల దెబ్బ కూడ తేలికైతది. ఒక్కోసారి పేలకపోవచ్చు. మీ తూటాలు కూడ పాతయే. పేల్తదని నేను ఖసమ్ తిని చెప్పలేను."

"వేయి," అన్నది ఆమె.

"ఫికర్ లేదా?"

"ఇప్పుడు ఒక్కసారి కూడ పేలదు గద. పదిసార్లల్ల ఎనిమిదిసార్లు పేలినా నాకు చాలు."

పదిసార్లు ఎవరి మీద పేలుస్తది? అప్పుడే చెయ్యి పట్టుకోని బయటికి తీస్కరావాల్సింది. తీస్కరాలే. వారం తర్వాత మళ్ల పోయి తెచ్చుకున్నం. ఉస్తాద్ బిల్లు మీద ఏమేం మార్చిండో రాసి, ముద్ర వేసి ఇచ్చిండు. ఆమె పిడి పట్టుకోని చూసుకున్నది. మొహంల అంత సంతోషం నేను మళ్ల ఎన్నడూ చూడలే. కొత్త చెప్పులు వేసుకున్న చిన్నపిల్ల లెక్క ఉన్నది.

తర్వాత వచ్చిన ఎన్నికలకు బల్ల మీద ఆమె రివాల్వర్ పెడితే మా స్టేషన్ రైటర్ గుర్తుపట్టలే. "ఇది వేరేది కద?" అన్నడు. ఆమె ఉస్తాద్ బిల్లు చూపించింది. నంబర్ చూసుకున్నరు, కలిసింది. నేను రిజిస్టర్‌ల "పిడి, స్ప్రింగు మార్చబడినవి" అని రాసిన. నేను తోడు పోయినట్టు ఎవరికి తెల్వదు.

ఆ ఏడు చలికాలం తోట కాడ సతాయింపు ఎక్కువైంది. హద్దురాళ్లు పీకి కాలువల పడేసిండ్రు. డ్రిప్పు పైపులు ఒకసారి కాదు, మూడుసార్లు కోసిండ్రు. ఒక పొద్దున లేచి చూస్తె కుక్క గేటు కాడ చచ్చి పడున్నది. దరఖాస్తు ఇచ్చింది. మా సారు మరిది కొడుకులను పిలిచి అడిగిండు. మాకేం తెల్వదన్నరు. సాక్ష్యం లేదు. భూమి తగాద కోర్టుల తేల్చుకోండ్రని పంపిండు. ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూసోని, వేలు ఒత్తుకుంట, "నిద్ర పడ్తలేదు బిడ్డా. ఆకు కదిలినా లేచి కూసుంటున్న," అన్నది.

"మల్లమ్మను ఇంట్ల పడుకోమనుండ్రి."

"ఆమెకు పిల్లలు లేరా? ఆమెనెందుకు నడుమ పెట్టాలె?"

పది రోజులకు, పొద్దుగాల ఏడు కూడ కాలే, ఫోన్ చేసింది. నేను చర్చికి పోదామని తయారైతున్న. ఆదివారం.

"బిడ్డా, జర రా. యూనిఫామ్ వేసుకోకు."

గొంతు వేరేగ ఉన్నది. ఏమైందని అడిగితే చెప్పలే. స్కూటీ మీద పోయిన. దారి పొడుగునా మంచు. ఏం చూడబోతున్ననో అని నూరు రకాలుగ అనుకున్న. తోట గేటు తెరిచి ఉన్నది. లోపల మోటర్ నడుస్తున్నది. ఆమె వంటింట్ల నేల మీద కూసోని ఉన్నది. పొయ్యి గట్టు మీద ఖాళీ చాయ్ గ్లాసు, దాని పక్కన రివాల్వర్. ధోవతి ముక్క లేదు. ఉత్తగ పడున్నది.

"దాన్ని ముట్టుకోకు, నిండుగ ఉన్నది," అన్నది.

తర్వాత చెప్పింది. నడుమ నడుమ ఆగుకుంట చెప్పింది. మోటర్‌కు కరెంట్ వస్తలేదని మల్లమ్మ ముందురోజు లైన్‌మన్‌కు ఫోన్ చేసింది. ఆ సంగతి ఈమెకు చెప్పుడు మర్చిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ తోట వెనక ఉంటది. లైన్‌మన్ చుట్టూ తిరిగిరాకుండ వెనక కంచె సందుల నుంచి వచ్చిండు. మంచుల, మొహానికి మఫ్లర్ చుట్టుకోని, చేతుల కటింగ్ ప్లేయర్ పట్టుకోని, గులాబీ చెట్ల నడుమ వంగుకుంట వచ్చిండు. ఈమె వరండాల నిలబడి చాయ్ తాగుతున్నది.

"పైపులు కోసేటోడే అనుకున్న. కుక్కను చంపినోడే అనుకున్న. లోపలికి పోయి తెచ్చిన. రెండు చేతులతోని పట్టుకున్న. తెల్ల చుక్క ఆయన ఛాతి మీద పెట్టిన బిడ్డా. మంచిగ కనబడ్డది. వేలు మంచిగ వచ్చింది. టక్ మన్నది."

"పేలలేదా?"

"పేలలే."

నేను కూడ నేల మీదనే కూసున్న.

"ఇంకోసారి గుంజుదామని వేలు పెట్టిన. గంతలనే ఆయన మఫ్లర్ తీసి, 'అమ్మా, ఫీజు పోయినట్టున్నది, చూస్త' అన్నడు. నేను రివాల్వర్ శాలువ కిందికి పెట్టిన. ఆయన చూడలే. పక్క ఫామ్‌హౌస్‌ల బోరు నడుస్తున్నది, చప్పుడు కూడ వినలే. పనిచేసుకోని వచ్చిండు. చాయ్ పోసి ఇచ్చిన. ఆ గ్లాసు ఆయనదే. తాగి, చక్కెర మంచిగున్నదమ్మా అని పోయిండు."

ఆమె ఏడుస్తలేదు. వేలు కూడ ఒత్తుకుంటలేదు. రెండు చేతులు ఒళ్ల పెట్టుకోని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నది.

"ఎవరు అని కూడ అడగలే బిడ్డా నేను. ఒక్క మాట. ఎవరూ అని అరిస్తె ఆయన పేరు చెప్తుండె. అది కూడ అడగలే."

నేను పొయ్యి గట్టు మీది రివాల్వర్ దిక్కు చూసిన.

"నన్ను లోపలెయ్యి," అన్నది.

పాత స్ప్రింగు ఉంటే ఆమె వేలికి ట్రిగ్గరే రాకపోయేది. కొత్త స్ప్రింగు వేసినందుకు వచ్చింది. కొత్త స్ప్రింగు వేసినందుకే పేలలేదేమో. లేకుంటె తూటా పాతదేమో. నాకు తెల్వదు. ఆ స్ప్రింగు వేయించడానికి బస్సుల తోడు పోయింది మాత్రం నేను. పేలి ఉంటే ఆ మనిషి పెండ్లానికి నేను ఏం చెప్పేదాన్ని? ఈమె మీద కేసు రాయాలంటే నా పేరు కూడ రాయాలె. రాయకపోతే నేను దినాము వేసుకునే యూనిఫామ్‌కు అర్థం లేదు. రెండు దిక్కుల ఆలోచించిన. చర్చిల గంట కొట్టే టైము దాటిపోయింది. నేను ఎన్నడూ మెచ్చుకోని పని ఆ రోజు చేసిన.

చక్రం తెరిచి తూటాలు ఒక్కొక్కటి తీసిన. ఒకదాని వెనక చిన్న గుంట పడున్నది. రివాల్వర్ లోపలి సుత్తి తగిలిన జాగ. అది చేతుల పట్టుకుంటె చల్లగ ఉన్నది. ఆమె దిక్కు చూపించిన. ఆమె మొహం తిప్పుకున్నది.

కాగితం తీస్కోని నేనే దరఖాస్తు రాసిన. వయసు మీద పడ్డది, చూపు ఆనుతలేదు, చేతులు పనిచేస్తలేవు, అందుకని ఆయుధం, లైసెన్సు వాపస్ ఇస్తున్న అని. ఆమె సంతకం పెట్టింది. పెట్టి, "ఇందుల అబద్ధం లేదు," అన్నది. కొంచెం ఆగి, "నిజం కూడ లేదు," అన్నది.

మర్నాడు ఆమె స్టేషన్‌కు తెచ్చి అప్పజెప్తే, మా సారు తూటాలు ఒక్కొక్కటి తిప్పి చూసిండు. గుంట పడ్డదాని కాడ ఆగిండు.

"ఇదేంది?"

"పాత తూటా సార్. ఎప్పుడో ప్రాక్టీస్‌ల పేలలేదంట," అన్న.

నేను అట్ల చెప్తనని ఆమె అనుకోలేదు. నా దిక్కు చూసింది. సారు ఇంకేం అడగలే, మిగిలినవాటితోని కలిపి కవర్‌ల పెట్టిండు. ఆ కవర్ జిల్లా ఆఫీసుకు పోయిన దినందాక నాకు అన్నం సక్కగ పోలే. పోయినంక కూడ, స్టేషన్‌ల ఫోన్ మోగిందంటే దాని గురించేనేమో అని ఉలిక్కిపడేదాన్ని. ఉద్యోగం మానేసినంక కూడ ఆ ఉలికిపాటు పోలే.

రివాల్వర్ లేనంక ఆమె ఎట్ల ఉంటదో అని నాకు ఇంకొక ఫికర్ మొదలైంది. పోయి చూసొచ్చేదాన్ని. పైపులు ఇంకొన్నిసార్లు కోసిండ్రు. ఆమె మళ్ల అతికించింది. వరండాల అదే కుర్చీల కూసునేది, కాని ఎవరొచ్చినా, కనబడేటంత దగ్గరికి వచ్చినా, గట్టిగ అరిచేది.

"ఎవరూ? పేరు చెప్పి రా!"

పాలాయన, పూలు తీస్కపోయే ఆటో ఆయన, మల్లమ్మ, అందరు గేటు కాడ నిలబడి పేరు చెప్పాలె. ఊర్లోళ్లు ఆమె కండ్లు పోయినయి అనుకున్నరు. ఒకరోజు నేను కూసోని ఉండంగనే పెద్ద మరిది కొడుకు జన్వాడ దిక్కు నుంచి కారుల వచ్చిండు. ఆమె అరిచింది. ఆయన కోపంతోని, "పెద్దమ్మా, నేను కనబడ్తలేనా?" అన్నడు.

"కనబడ్తున్నవు. పేరు చెప్పు."

చెప్పిండు. కూసోమన్నది, చాయ్ ఇచ్చింది. ఆయన తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టలే. "కోర్టు చెప్పినంక చూద్దాం," అని పంపింది. ఆమె గొంతుల వణుకు లేకుండె. ఆయన పోయినంక గ్లాసు కడగడానికి లేచి, గోడ పట్టుకోని చానసేపు నిలబడ్డది.

ఇక లైన్‌మన్ సంగతి. ఆయన ఎప్పుడొచ్చినా అన్నం పెట్టకుండ పంపకపోయేది. చలికాలం స్వెట్టర్ కొనిచ్చింది. ఆయన స్తంభం మీద నుంచి జారి కాలు విరిగినప్పుడు చేవెళ్ల దవాఖానకు పోయి, మంచం పక్కన స్టూలు మీద పొద్దంత కూసున్నది. ఆయన పెండ్లానికి ఇదంత ఏందో అర్థం కాలే. ఒకనాడు నేను ఉండబట్టలేక అడిగిన.

"ఆయనకు చెప్తరా అమ్మా?"

"చెప్తె నాకు నిద్ర పడతది," అన్నది. "ఆయనకు పోతది. దినాము పదిమంది పొలాలల్ల తిరిగే మనిషి. ఇంక ఎవరి కంచె దాటినా కాళ్లు వణుకుతయి. వద్దు. నాది నేనే పెట్టుకుంట."

నీది నా దగ్గర కూడ పెట్టినవు గద అమ్మా అని నోటిదాక వచ్చింది. అనలే.

బెండకాయలు అక్కడనే వదిలేసి నేను తోటకు పోయేవరకు చాలమంది వచ్చిండ్రు. మరిది కొడుకులిద్దరు కార్లు పక్కపక్కన పెట్టి, పందిరికి, కట్టెలకు పురమాయించుకుంట తిరుగుతున్నరు. ఆమెను వరండాల పండబెట్టిండ్రు. చేతులు రెండు పొట్ట మీద పెట్టిండ్రు. మల్లమ్మ తోట నుంచి గులాబీలు తెంపుకొచ్చి కాళ్ల దగ్గర పోసింది. నేను దండం పెట్టి పక్కకొచ్చిన.

లైన్‌మన్ మెట్ల కింద, కొంచెం కుంటుకుంట వచ్చి నా దగ్గర నిలబడ్డడు. కండ్లు ఎర్రగ ఉన్నయి.

"మేడం, మీరు ఆమెకు మస్తు దగ్గర గద. ఒకటి అడుగుత. నాకు ఆమె చుట్టం కాదు, పక్కం కాదు. కరెంటోన్ని. నన్నెందుకంత మంచిగ చూసుకున్నదో మీకు ఎప్పుడన్న చెప్పిందా?"

ఆయన కమీజు గుండీల దిక్కు చూసిన. ఛాతి మీద, ఎడమ జేబుల టెస్టర్ పెట్టుకోని ఉన్నడు.

"చెప్పలే అన్నా," అన్న. "మంచి మనిషి, అంతే."

"అంతేనా?"

"అంతే."

ఆయన తలూపిండు. పాడె ఎత్తడానికి పిలుస్తున్నరు, ఆడోళ్ల ఏడుపు పెరిగింది. పెద్ద మరిది కొడుకు అప్పుడే ఎవరికో వేలు పెట్టి వెనక కంచె దిక్కు చూపిస్తున్నడు. నడుముకు ఆయన కొత్త రివాల్వర్ ఉన్నది. లైన్‌మన్ కూడ అటు చూసిండు.

"రేపు ఫీడర్ లైన్ పని ఉన్నది, ఈ ట్రాన్స్‌ఫార్మర్ కాడికి రావాలె," అన్నడు. "ఆమె ఉన్నప్పుడు గేటు కాడ నిలబడి పేరు చెప్పి వస్తుంటి. ఇప్పుడు ఎవరున్నరని చెప్పాలె?"

ఆయన చేయి పట్టుకున్న. నేను అట్ల పట్టుకుంటనని ఆయన అనుకోలే, నేనూ అనుకోలే.

"ఎవరున్నా, ఎవరు లేకున్నా గట్టిగ పేరు చెప్పే లోపలికి పో అన్నా," అన్న. "వెనక నుంచి మాత్రం రాకు."